రంగు వేసేముందు పిల్లల చేతుల వైపు చూడండి

వానలు వెనకపట్టి గోడలు ఆరగానే మన ఊళ్లలో ఇళ్లకు రంగులు వేసే కాలం మొదలవుతుంది. దసరా, దీపావళి, క్రిస్మస్, సంక్రాంతి ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆ తర్వాత పెళ్లిళ్లు, గృహప్రవేశాలు. ఈ ఆరు నెలలూ పెయింటర్లకు తీరిక ఉండదు. ఇంట్లో పెద్దలు హాలుకు ఏ రంగు, పడకగదికి ఏ రంగు అని షేడ్ కార్డులు ముందు వేసుకుని చర్చిస్తూ ఉంటారు. ఆరోగ్య పత్రికకు ఈ విషయంతో పని ఏమిటని మీరు అడగవచ్చు. పని ఉంది. గోడకు పూసిన రంగు గోడ మీదే ఉండిపోదు. కొంత కాలానికి అది పొడి అవుతుంది, పెచ్చులు ఊడుతుంది, దుమ్మై నేల మీద పడుతుంది, అక్కడి నుండి పాకే పిల్లవాడి చేతికి, చేతి నుండి నోటికి చేరుతుంది. ఆ రంగులో ఏముందో తెలుసుకోవడం ఆరోగ్యానికి సంబంధించిన విషయమే.

ఇంటికి రంగులు వేయించుకోవడం దుబారా అని మేము అనడం లేదు. శుభ్రమైన, వెలుతురు నిండిన, చూడముచ్చటైన ఇల్లు మనసుకు హాయినిస్తుంది. పేద ఇల్లయినా రంగు విషయంలో మనవారు ఏనాడూ వెనుకబడలేదు. పేడతో అలికిన మట్టి గోడకు తెల్లని సున్నం, దాని అడుగున ఎర్రమట్టి పట్టీ, తెలంగాణ పల్లెల్లో జాజు పూసిన అరుగు, పసుపు రాసి బొట్లు పెట్టిన గడప, వాకిట్లో ముగ్గు - ఇవన్నీ మన ఇంటి అలంకరణలే. అవి చౌక, ఏటా కొత్తవి అవుతాయి. ఇప్పుడు వాటి స్థానంలో ఎమల్షన్లు, ఎనామెల్ రంగులు, మెరిసే టెక్స్చర్ ఫినిషింగులు, వాల్ పేపర్లు వచ్చాయి. ఈ మార్పును ఆపమని చెప్పడం మా ఉద్దేశం కాదు.

మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇంటికి రంగు వేసేటప్పుడు మనం వచ్చే అతిథి కంటి ఎత్తు నుండి ఆలోచిస్తున్నాం. ఇంట్లో ఉండే పసివాడి చేతి ఎత్తు నుండి ఆలోచించడం లేదు. హాలులో ఒక గోడకు ఖరీదైన ఫినిషింగు వేయిస్తాం. కిటికీ ఊచలకు, తలుపులకు, ఉయ్యాలకు, పిల్లల మంచానికి మాత్రం "ఏదో ఒక ఎనామెల్ కొట్టెయ్" అంటాం. కాని పిల్లలు పట్టుకునేవి, నాకేవి, కొరికేవి ఆ ఊచలనూ ఆ ఉయ్యాలనూ. ఈ లెక్క తిరగబడాలి.

సీసం రంగులోకి ఎందుకు వచ్చింది?

రంగుల తయారీలో సీసానికి పాత చరిత్ర ఉంది. తెల్ల సీసం కలిపిన రంగు ఒక్క పూతతోనే కింది మరకలను కప్పేస్తుంది. లెడ్ క్రోమేట్ అనే పదార్థం పచ్చని పసుపును, నారింజను ఇస్తుంది. దానికి నీలం కలిపితే ఆకుపచ్చ వస్తుంది. ఎర్ర సీసం ఇనుముకు తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఇవి కాక రంగు త్వరగా ఆరడానికి కూడా సీసపు లవణాలను కలిపేవారు. అందుకే నూనె ఆధారంగా తయారయ్యే ఎనామెల్ రంగుల్లో, అందులోనూ ముదురు పసుపు, ఎరుపు, నారింజ, ఆకుపచ్చ రంగుల్లో సీసం ఎక్కువగా కనిపిస్తూ వచ్చింది. నీటితో కలిపే డిస్టెంపర్లు, ఎమల్షన్లలో ఈ బెడద సాధారణంగా చాలా తక్కువ.

సీసం వల్ల మన శరీరానికి ఏ ఉపయోగమూ లేదు. అది ఒంట్లోకి వెళ్లాక కాల్షియంలాగా నటించి ఎముకల్లో, దంతాల్లో చేరి ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. గర్భం దాల్చినప్పుడు తల్లి ఎముకల నుండి కదిలి, మాయను దాటి కడుపులో బిడ్డకు చేరుతుంది. ఒకే మోతాదు సీసం నోటి ద్వారా వెళ్లినప్పుడు పెద్దవారికంటే చిన్న పిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇంత వరకైతే హాని లేదు అని చెప్పదగిన మోతాదు ఏదీ లేదని కూడా అదే సంస్థ స్పష్టం చేసింది.

ఇక్కడ మన ప్రాంతానికి ప్రత్యేకంగా వర్తించే మాట ఒకటి ఉంది. ఇనుము, కాల్షియం తక్కువగా ఉన్న పిల్లల శరీరం సీసాన్ని మరింత ఎక్కువగా పీల్చుకుంటుంది. 2019-21 లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అయిదేళ్లలోపు పిల్లల్లో ప్రతి పదిమందిలో ఆరేడుగురికి రక్తహీనత ఉంది. రక్తహీనత ఉన్న బిడ్డ మట్టి, సున్నం, గోడ పెచ్చులు తినడానికి ఇష్టపడటం కూడా తల్లులందరికీ తెలిసిన సంగతే. అంటే ఏ బిడ్డకు హాని ఎక్కువో ఆ బిడ్డే గోడ గోకి తింటున్నాడన్నమాట.

హాని కనిపించే తీరు కూడా మోసపుచ్చేదే. కడుపునొప్పి, మలబద్ధకం, ఆకలి లేకపోవడం, చిరాకు, పాలిపోవడం - ఇవి చూసి నులిపురుగులనో, దిష్టి అనో అనుకుంటాం. చాలామంది పిల్లల్లో ఈ లక్షణాలు కూడా ఉండవు. చదువులో వెనకబడటం, ఏకాగ్రత లేకపోవడం, మొండితనం మాత్రమే కనిపిస్తాయి. "వీడికి బుర్ర లేదు" అని తిట్టి ఊరుకుంటాం. రక్త పరీక్ష చేయిస్తే తప్ప సీసం సంగతి బయటపడదు. డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు లేదా అంతకు మించి ఉంటే సీసం ఎక్కడ నుండి వస్తున్నదో కనిపెట్టి, దాన్ని తొలగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లో సూచించింది. మోతాదు మరీ ఎక్కువైతే ఒంట్లో సీసాన్ని తగ్గించే మందులు ఉన్నాయి. కాని అప్పటికే మెదడుకు జరిగిన నష్టాన్ని ఆ మందులు పూడ్చలేవు. నివారణ తప్ప మరో మార్గం లేదు.

నూరేళ్ల కిందటే తెలిసిన సంగతి

ఈ విషయం కొత్తగా కనిపెట్టినది కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ మన ప్రాంతంలాగే ఎండలు మండే చోటు. అక్కడి ఇళ్లకు చెక్కతో చేసిన వరండాలు, వాటికి రంగు వేసిన కటకటాలు ఉండేవి. బ్రిస్బేన్ నగరంలో 1890 దశకంలో డాక్టర్ జెఫెరిస్ టర్నర్ పిల్లల్లో సీసపు విషాన్ని గుర్తించారు. అది ఎక్కడ నుండి వస్తున్నదో మొదట ఎవరికీ అంతుబట్టలేదు. 1904 లో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి వైద్యుడు ఆ మూలాన్ని చూపించారు. వరండా కటకటాల రంగు ఎండకు పొడిబారి పిల్లల చేతులకు అంటుకుంటున్నది. వేళ్లు చీకే పిల్లలు, గోళ్లు కొరికే పిల్లలు ఆ పొడిని మింగుతున్నారు. ఆయన మాటను చాలామంది వెంటనే ఒప్పుకోలేదు. చివరకు 1922 లో పిల్లల చేతికి అందే చోట్ల సీసపు రంగు వేయకూడదని క్వీన్స్‌లాండ్ చట్టం చేసింది.

ఆ చట్టంలో ఉన్న కొలమానాన్ని గమనించండి. ఇంటి అందం కాదు, గది పేరు కాదు, పిల్లల చేతికి అందుతుందా లేదా అన్నదే కొలమానం. 1921 లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ రంగుల్లో తెల్ల సీసం వాడకాన్ని నియంత్రించే ఒప్పందాన్ని ఆమోదించింది. అమెరికా ఇళ్ల రంగుల్లో సీసాన్ని 1978 లో నిషేధించింది. తెలిసిన తర్వాత కూడా ఎన్నో దశాబ్దాలు పట్టిందన్నమాట. మధ్యలో పెరిగిన పిల్లలు ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించారు.

మన దేశం సంగతి చూద్దాం. 1999 లో బెంగుళూరుకు చెందిన జార్జ్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో హైదరాబాదుతో సహా ఏడు నగరాల్లో రక్త పరీక్షలు జరిగాయి. పన్నెండేళ్లలోపు పిల్లల్లో సగానికి పైగా మందిలో సీసం 10 మైక్రోగ్రాములకు మించి ఉన్నట్లు తేలింది. అప్పట్లో పెట్రోలులో సీసం కలిపేవారు కనుక అది ప్రధాన కారణం. 2000 సంవత్సరంలో సీసం లేని పెట్రోలు వచ్చింది. ఆ తర్వాత రంగుల మీద దృష్టి పడింది. బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో సీసపు విషానికి జాతీయ రిఫరల్ కేంద్రాన్ని నడిపిన డాక్టర్ తుప్పిల్ వెంకటేశ్ ఈ విషయంలో ఎన్నో ఏళ్లు కృషి చేశారు. చివరకు 2016 నవంబరులో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు ప్రకటించింది. 2017 నవంబరు 1 నుండి ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదు. అంటే కిలో రంగులో 90 మిల్లీగ్రాములు మాత్రమే. ఆ మాట డబ్బా మీద రాసి ఉండాలి.

మరి ఇక భయం లేదు కదా అంటే, రెండు సందర్భాల్లో ఉంది. ఒకటి, ఆ నిబంధనలు ఇళ్ల రంగులకు చేసినవి. పరిశ్రమల కోసం తయారయ్యే రంగులు వాటి పరిధిలో లేవు. కిటికీ గ్రిల్లులు, గేట్లు, ఉయ్యాల బల్లలు, పార్కుల్లో జారుడుబండలు తయారుచేసే వెల్డింగు షాపులవారు ఏ డబ్బా తెరుస్తున్నారో మనం అడగడం లేదు. రెండు, 2017 కు ముందు వేసిన ఎనామెల్ రంగులు ఇంకా మన తలుపుల మీద, కిటికీల మీద పొరలు పొరలుగా ఉన్నాయి. ఇంటికి కొత్త రంగు వేయించేటప్పుడు ఎక్కువ ప్రమాదం కొత్త రంగుతో కాదు, గోకి తీసే ఈ పాత రంగుతోనే.

గోకే రోజు ప్రమాదం

పాత రంగు గట్టిగా అంటుకుని ఉంటే, పెచ్చులు లేకుంటే దాన్ని చూసి కంగారు పడనక్కరలేదు. శుభ్రంగా తుడిచి దాని మీద సీసం లేని రంగు వేస్తే సరిపోతుంది. పెచ్చులు ఊడుతున్నప్పుడే గోకవలసి వస్తుంది. మన దగ్గర జరిగే తీరు ఏమిటి? పెయింటరు పొడిగా గోకి, సాండ్ పేపరుతో రుద్దుతాడు. గది నిండా దుమ్ము లేస్తుంది. పక్క గదిలో పిల్లలు ఆడుకుంటూ ఉంటారు. వంటింట్లో అన్నం ఉడుకుతూ ఉంటుంది. సాయంత్రం చీపురుతో ఊడ్చేస్తారు, దుమ్ము మళ్లీ లేచి పాత్రల మీద, పరుపుల మీద వాలుతుంది.

దీన్ని మార్చడానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఈ కొద్ది జాగ్రత్తలు చాలు.

- గోకే చోటును నీళ్లతో తడిపి, తడి ఆరకముందే గోకించాలి. పొడిగా రుద్దనివ్వకూడదు.
- ఆ గదిలోని పరుపులు, బట్టలు, తిండి సామాన్లు బయటకు తీయాలి. తీయలేనివాటిని పాలిథిన్ పట్టాతో కప్పాలి.
- గర్భిణులు, అయిదేళ్లలోపు పిల్లలు ఆ రోజుల్లో ఇంట్లో ఉండకూడదు. పుట్టింటికో, బంధువుల ఇంటికో పంపడం మేలు.
- పని అయ్యాక ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి. ఆ నీళ్లు పెరట్లో కూరగాయల మడిలో పోయకూడదు.
- గోకిన పెచ్చులను సంచిలో మూటగట్టి చెత్తబండికి ఇవ్వాలి. వాకిట్లో తగులబెట్టకూడదు.

ఇంకొక మాట. ఇల్లు బాగుచేయించినప్పుడు తీసేసిన పాత తలుపులు, కిటికీ చెక్కలు నీళ్లు కాచుకునే పొయ్యిలోకి పోతుంటాయి. రంగు వేసిన చెక్కను మండిస్తే అందులోని సీసం పొగలోనూ బూడిదలోనూ ఉంటుంది. ఆ బూడిదతో గిన్నెలు తోమే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. రంగు చెక్కను వంటచెరుకుగా వాడకండి.

చెమ్మను రంగుతో కప్పవద్దు

గోడ మీద నల్లని మచ్చలు, ఉబ్బులు కనిపించగానే లప్పం పట్టించి, దాని మీద మంచి ఫినిషింగు వేయించడం లేదా వాల్ పేపరు అంటించడం పరిపాటి అయింది. రెండు వానలు పడేసరికి అది మళ్లీ పైకి వస్తుంది. చెమ్మ ఎక్కడ నుండి వస్తున్నదో చూడకుండా రంగు వేయడం పుండును కడగకుండా కట్టు కట్టడం వంటిది. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఉబ్బసం, దగ్గు, పిల్లికూతలు ఎక్కువగా ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 లోనే తన మార్గదర్శకాల్లో చెప్పింది. ముందు కప్పు కారడం, పైపు పగుళ్లు, గోడ పక్కన నీళ్లు నిలవడం సరిచేయించండి. గోడ పూర్తిగా ఆరనివ్వండి. ఆ తర్వాతే రంగు మాట.

పాత మట్టి గోడలు, సున్నపు గోడలు ఉన్న ఇళ్లవారికి మా సలహా సున్నమే. సున్నపు పూత గోడలోని తేమను బయటకు పోనిస్తుంది. దానికున్న క్షారగుణం వల్ల కొత్త పూత మీద బూజు సులువుగా పట్టదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి అది మెల్లగా రాయిలాగా గట్టిపడుతుంది. అటువంటి గోడ మీద ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే తేమ లోపలే చిక్కుకుని పూత పొక్కులు కడుతుంది. వెల్ల వేసిన ఇల్లు అంటే లేనివారి ఇల్లు అన్న చిన్నచూపు మనలో ఉంది. అది మానుకోవాలి. నీలిమందు కొద్దిగా కలిపిన తెల్లని సున్నానికి ఉన్న అందం ఏ షేడ్ కార్డులోనూ తక్కువ కాదు.

అయితే సున్నంతోనూ జాగ్రత్త అవసరం. సున్నపు రాయి మీద నీళ్లు పోస్తే అది బుసబుసమని మరుగుతుంది. ఆ పని పెద్దవారే చేయాలి, పిల్లలను దగ్గరకు రానివ్వకూడదు, కలిపిన తొట్టికి మూత ఉండాలి. తల మీది కప్పుకు వెల్ల వేసేవారు కళ్లద్దాలు పెట్టుకోవాలి. సున్నం కంట్లో పడితే చూపు శాశ్వతంగా పోవచ్చు. పడిన మరుక్షణమే శుభ్రమైన నీటితో కడగడం మొదలుపెట్టి, రెప్పలు విప్పి ఉంచి, కనీసం అరగంట ఆపకుండా కడగాలి. తర్వాత ఆలస్యం చేయకుండా కంటి వైద్యుని దగ్గరకు తీసుకురావాలి. ఆముదం, చనుబాలు, నెయ్యి వంటివి వేయకూడదు. ముందు కడగండి, తర్వాతే బయలుదేరండి. ఆ అరగంటలోనే కంటి భవిష్యత్తు చాలావరకు తేలిపోతుంది.

వాసన పోయే వరకు ఆగండి

ఎనామెల్, వార్నిష్, చెక్క పాలిష్‌లలో టర్పెంటైన్, థిన్నర్ వంటి ద్రావకాలు ఉంటాయి. వాటి ఆవిరి తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం కలిగిస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం తెస్తుంది. పెళ్లి ముహూర్తం దగ్గరపడిందని రాత్రి వరకు రంగు వేయించి, తలుపులు మూసుకుని అదే గదిలో పడుకోవడం మంచిది కాదు. కిటికీలు తెరిచి, వాసన పూర్తిగా పోయేవరకు కొన్ని రోజులు ఆ గది వాడకండి. పనిని ముహూర్తానికి రెండు మూడు వారాల ముందే ముగించేలా చూసుకోండి. బాలింతను, పసికందును కొత్తగా రంగు వేసిన గదిలో ఉంచడం ఏమాత్రం తగదు.

మిగిలిన థిన్నర్‌ను, కిరోసిన్‌ను మంచినీళ్ల సీసాలోనో కూల్ డ్రింకు సీసాలోనో పోసి గూట్లో పెట్టడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. దాహం వేసిన పిల్లవాడికి ఆ తేడా తెలియదు. తాగితే వాంతి చేయించే ప్రయత్నం చేయవద్దు. ఉప్పునీళ్లు తాగించవద్దు, గొంతులో వేలు పెట్టవద్దు. వాంతిలో ఆ ద్రవం ఊపిరితిత్తుల్లోకి వెళితే న్యుమోనియా వస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. సీసాను వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి రండి.

మన ఇంటి అందం, పెయింటరు ఊపిరి

మన ఇంట్లో రంగు పని వారం రోజుల్లో ముగుస్తుంది. పెయింటరుకు మాత్రం అది ముప్పై ఏళ్ల పని. పెయింటరు వృత్తిని క్యాన్సర్ కారకాల జాబితాలో మొదటి వర్గంలో చేర్చింది అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ. ఊపిరితిత్తుల క్యాన్సర్, మూత్రాశయపు క్యాన్సర్ ఆ పనిలో ఉన్నవారికి ఎక్కువగా వస్తాయి. గోడలకు పట్టించిన లప్పాన్ని రుద్దినప్పుడు లేచే తెల్లని దుమ్ము వారి జుట్టు నిండా, రెప్పల నిండా ఉండటం మనం చూస్తూనే ఉన్నాం. అది లోపలికి ఎంత వెళుతుందో ఆలోచించం.

బెల్లం ముక్క తింటే దుమ్ము కడిగేసుకు పోతుందని చాలామంది నమ్మకం. బెల్లం కడుపులోకి వెళుతుంది, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. ఆ రెండింటికీ కలయిక లేదు. ముఖానికి బిగుతుగా సరిపోయే మంచి మాస్కే దారి. గుడ్డ కట్టుకుంటే సన్నని దుమ్ము ఆగదు. పని ఒప్పుకునేటప్పుడే మాస్కులు, కళ్లద్దాలు, చేతులు కడుక్కోవడానికి సబ్బు మనమే ఇవ్వాలని మేము గట్టిగా చెబుతున్నాం. వేల రూపాయలు రంగుకు పెట్టేవారికి ఇది భారం కాదు. పెయింటర్ సోదరులకు కూడా ఒక మాట. బీడీ, భోజనం చేతులు కడుక్కున్న తర్వాతే. పని బట్టలు విడిచి, స్నానం చేశాకే మీ పిల్లలను ఎత్తుకోండి. మీ బట్టలకు అంటిన దుమ్ము మీ ఇంటి పిల్లలకూ చేరుతుంది.

రంగు మేలు కూడా చేస్తుంది

రంగును సరిగ్గా వాడుకుంటే అది మందు ఇవ్వలేని సాయం కూడా చేస్తుంది. శుక్లాలు ముదిరిన, చూపు మందగించిన పెద్దవారికి మెట్టు అంచు, గడప, స్నానాలగది గట్టు కనిపించవు. పడిపోవడం, తుంటి ఎముక విరగడం అక్కడే జరుగుతుంది. మెట్ల అంచులకు రెండంగుళాల వెడల్పున ముదురు పసుపు పట్టీ వేయించండి. తెల్ల గోడ ఉన్న మరుగుదొడ్డిలో పట్టుకునే కడ్డీకి ముదురు నీలం వేయించండి. స్విచ్చి బోర్డు చుట్టూ గోడకు భిన్నమైన రంగు ఉంటే రాత్రిపూట తడుముకోనక్కరలేదు. గడపకు పసుపు రాసే మన ఆచారంలో ఈ లాభం కూడా ఉంది. కిటికీలు తక్కువ ఉన్న గదులకు ముదురు రంగులు కాక తెలుపు, లేత రంగులు వేస్తే ఉన్న వెలుతురే ఎక్కువగా కనిపిస్తుంది. వంటగదిలో మురికి, బొద్దింకలు దాగవు.

ఈ రంగు వేస్తే రక్తపోటు తగ్గుతుంది, ఆ రంగు వేస్తే చదువు వస్తుంది అని చెప్పే ప్రకటనలను మాత్రం నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు. మీకు నచ్చిన రంగు వేసుకోండి. రక్తపోటుకు మాత్రలు మానకండి.

విషం లేకుండా అందమైన రంగులు సాధ్యమే అనడానికి మన ఏటికొప్పాక నిదర్శనం. అంకుడు కర్రతో, లక్కతో బొమ్మలు చేసే ఆ ఊరిలో రసాయన రంగుల స్థానంలో చెట్ల గింజలు, బెరళ్లు, వేళ్ల నుండి తీసిన రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023 లో పద్మశ్రీ లభించింది. పిల్లవాడు నోట్లో పెట్టుకునే బొమ్మకు ఏ రంగు వేయాలన్న ప్రశ్నను ఆ ఊరి కళాకారులు తీసుకున్నారు. ఉయ్యాలకు, కిటికీకి రంగు వేసే మనమూ అదే ప్రశ్న వేసుకోవాలి.

ఖర్చు మాట

"మాకున్నది కొంచెం డబ్బు, ఇవన్నీ ఎలా కుదురుతాయి?" అని అడిగేవారికి మా జవాబు ఇది. ఖర్చు పెంచమని మేము అనడం లేదు, చోటు మార్చమంటున్నాం. హాలు గోడకు అనుకున్న ఖరీదైన టెక్స్చర్ మానేసి మామూలు ఎమల్షన్ వేయించండి. ఆ మిగులుతో తలుపులకు, ఊచలకు, మంచాలకు సీసం లేదని డబ్బా మీద రాసి ఉన్న ఎనామెల్ కొనండి. పైకప్పుకు, వెనక గదులకు సున్నం చాలు. పేరు, చిరునామా, తయారీ తేదీ లేని విడి రంగును చౌక అని తీసుకోకండి. దుకాణంలో డబ్బా తిప్పి సీసం గురించిన మాట చదవండి. లేకుంటే మరొకటి చూపించమనండి. పదిమంది అడిగితే దుకాణదారు కూడా అదే తెప్పిస్తాడు.

ఇది ఇళ్లకే పరిమితం కాదు. అంగన్‌వాడీ గోడల మీద ఎర్రని యాపిల్ పండ్లు, పచ్చని చిలుకలు, పసుపు అక్షరాలు వేయిస్తున్నాం. 2019 లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన నాడు-నేడు, 2022 లో తెలంగాణలో మొదలైన మన ఊరు - మన బడి కార్యక్రమాల కింద ఎన్నో బడులకు రంగులు వేశారు. సంతోషమే. ఇకపై బడి, గుడి, చర్చి, మసీదు, ఆసుపత్రి - దేనికి రంగు వేసినా బిల్లుతో పాటు సీసం లేదన్న డబ్బా ముద్రను కూడా చూపించాలని ఆ సంఘంవారు, తల్లిదండ్రుల కమిటీవారు అడగాలి. ఆసుపత్రులు మినహాయింపు కాదు. పిల్లల వార్డు మంచాలకు రంగు వేయించే ప్రతిసారీ ఈ ప్రశ్న మమ్మల్నీ అడగండి.

ఈ ఏడు మీ ఇంటికి రంగు వేయించే ముందు ఒకసారి నేల మీద కూర్చుని చూడండి. ఏడాది పిల్లవాడు లేచి నిలబడటానికి ఏది పట్టుకుంటాడు, పళ్లు వచ్చేటప్పుడు ఏది కొరుకుతాడు, వాన పడుతుంటే ఏ కిటికీ దగ్గర గంటల తరబడి నిలబడతాడు? వాటి జాబితా రాసుకోండి. మీ రంగుల ఖర్చులో మొదటి వాటా ఆ జాబితాకు ఇవ్వండి. మిగిలినది గోడలకు.